ట్రే నారు, కవరు మొక్క

చిన్న కుండీలోని మొక్కను పెద్ద కుండీలోకి మార్చే విషయంలో మన దగ్గర రెండు సలహాలు చెలామణిలో ఉన్నాయి. మట్టిగడ్డ పగలనివ్వకూడదన్నది ఒకటి. వేర్లను కాస్త విప్పి పెట్టాలన్నది రెండోది. మొదటిది కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్క కొన్నవాళ్లంతా వినే ఉంటారు. డబ్బులు లెక్కపెట్టుకుంటూ నర్సరీ ఆయన చెప్పే ఆఖరి మాట అదే: "గడ్డ పగలకుండా చూసుకోండమ్మా." రెండోది మిద్దెతోటలో చేయి తిరిగినవాళ్లు కొత్తవాళ్లకు చెప్పేది. ఇద్దరూ అనుభవం మీదే చెబుతారు, ఇద్దరి మొక్కలూ బతికే ఉంటాయి. కొత్తగా కుండీలు కొన్న మనిషికి ఎవరి మాట వినాలో తోచదు.

నా ఉద్దేశంలో ఈ తగవు వేరు గురించి కాదు, మొక్క పెరిగిన పాత్ర గురించి. ఇవాళ మన డాబాల మీదికి వచ్చే మొక్కల్లో ఎక్కువ భాగం రెండు దారుల్లో వస్తాయి. ప్లాస్టిక్ ప్రోట్రేలో కొబ్బరి పొట్టు మీద పెరిగిన కూరగాయ నారు ఒకటి. నల్ల పాలిథిన్ కవర్లో మట్టి మీద పెరిగిన పండ్ల మొక్క, పూల మొక్క రెండోది. ట్రే నారు మార్చి నాటడానికే తయారైంది. కవరు మొక్క మోసుకెళ్లి అమ్మడానికి తయారైంది. ఈ తేడా పట్టుకుంటే పై రెండు సలహాల్లో ఏది ఎక్కడ చెల్లుతుందో తేలిపోతుంది.

ఈ రెండింటికీ ముందున్నది నారుమడి. వంగ, మిరప, టమాటా నారును మడిలో పోసి, తడిపి, పీకి, కట్టలు కట్టి నాటడం తాతల నాటి పని. అలా పీకినప్పుడు వేరు దాదాపు అంతా చేతికి వచ్చినట్టే కనిపిస్తుంది. మట్టిలో ఉండిపోయేది కంటికి ఆనని నూగు. మూలకేశాలని బడిలో చదువుకున్నది దీన్నే. మొక్క నీళ్లు తాగేది ఎక్కువగా ఈ నూగుతోనే. మామూలుగానే దీని ఆయుష్షు తక్కువ, వేరు కొనల దగ్గర కొత్తది పుడుతూ ఉంటుంది. పీకిన నారులో అదంతా ఒక్కసారిగా తెగిపోతుంది. ఆకులు మాత్రం ఎండకు నీటిని ఆవిరి చేయడం మానవు. తాగేది తగ్గి, పోయేది తగ్గకపోవడం వల్లే నారు తల వాలుస్తుంది. కొత్త వేర్లు వచ్చి మళ్లీ నూగు కమ్మేదాకా అది నిలదొక్కుకోదు.

2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శ్రీ వరి సాగు పద్ధతిని మన పొలాల్లోకి తెచ్చినప్పుడు రైతుకు వింతగా తోచిన సంగతి ఇదే. 25, 30 రోజుల నారు పీకి కట్టలు విసిరే చోట, 8 నుంచి 12 రోజుల లేత మొక్కను గింజతో, అంటుకున్న మట్టితో సహా తెచ్చి, ఆలస్యం చేయకుండా, లోతుగా గుచ్చకుండా పైపైన నాటమన్నారు. గట్టిగా గుచ్చితే వేరు కొన పైకి వంగుతుంది, అది మళ్లీ కిందికి తిరిగేదాకా మొక్క ఎదుగుదల ఆగిపోతుంది. మడగాస్కర్‌లో హెన్రీ ద లొలానీ అనే పాద్రీ పొలంలో గమనించి చెప్పిన ఈ సంగతులు వరికే పరిమితం కావు. ఏ వయసులో మార్చాం, ఎంతసేపు వేరును గాలికి ఉంచాం, కొన ఏ దిక్కు చూస్తోంది అన్న మూడు ప్రశ్నలు డాబా మీది టమాటా మొక్కకూ వర్తిస్తాయి.

ప్రోట్రే ఈ మూడు ప్రశ్నలకూ ముందే జవాబు సిద్ధం చేసి పెట్టుకున్న పాత్ర. హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వంటివి ప్రచారం చేశాక, హైబ్రిడ్ విత్తనం ధర పెరిగి ఒక్కో గింజా లెక్కలోకి వచ్చాక, గుంటూరు, ఖమ్మం మిర్చి ప్రాంతాల్లో నీడవలల కింద ట్రేలు బారులు తీరాయి. కూరగాయలకు ఎక్కువగా వాడేది 98 గుంతల ట్రే. ఒక్కో గుంత పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటుంది, అడుగున కన్నం ఉంటుంది. ట్రేను కమ్మీల మీద ఎత్తులో పెడితే, ఆ కన్నంలోంచి బయటికి వచ్చిన వేరు కొన గాలి తగిలి ఎండుతుంది. కొన ఎండిన వేరు వెనక నుంచి పక్కవేర్లు తొడుగుతుంది. నెల తిరిగేసరికి కొబ్బరి పొట్టు మొత్తాన్ని పట్టి ఉంచే వేరుగడ్డ తయారవుతుంది. నాటేటప్పుడు తెగే నూగు చాలా తక్కువ. నారుకుళ్లు తెగులు వచ్చినా మడిలోలా బారెడు మేర పాకిపోదు.

పొగిడింది చాలు. ట్రేకు రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది గడువు. గుంతలో పట్టే పొట్టు గుప్పెడు కూడా ఉండదు. టమాటాకు మూడు నాలుగు వారాలు, మిరపకు ఐదు ఆరు వారాలు దాటితే వేర్లకు అందులో చోటుండదు. వాన కోసం ఎదురుచూస్తూ నాట్లు వాయిదా వేసిన ఏడాది మిర్చి రైతుకు ఇది బాగా తెలుసు: నారు సాగుతుంది, అడుగు ఆకులు పసుపుబారతాయి, తలలు తుంచాల్సి వస్తుంది. అలాంటి ముదురు నారును కుండీలో పెడితే వేరుగడ్డ బిరడాలా అలాగే ఉండిపోయి మొక్క గిడసబారుతుంది. రెండోది నర్సరీ వాళ్ల బద్ధకం. ట్రేను కమ్మీల మీద పెట్టకుండా నేల మీద పరిస్తే వేర్లు కన్నంలోంచి మట్టిలోకి దిగిపోతాయి, ట్రే ఎత్తగానే పుటుక్కున తెగుతాయి. అప్పుడు అది పేరుకే ట్రే నారు, తెచ్చేది నారుమడి కష్టమే. కొనే ముందు ట్రే అడుగు ఒకసారి చూస్తే సంగతి బయటపడుతుంది.

ఇక కవరు మొక్క. ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డాబా మీద వడలి చనిపోయే మొక్కల్లో నేను చూసినంతలో ఎక్కువ ఇవే, తప్పు మాత్రం ఎప్పుడూ ఎండ మీదికి పోతుంది.

గోదావరి ఒడ్డు నర్సరీల నుంచి మొక్కలు లారీల్లో వేరే రాష్ట్రాలకు పోతాయి. దారి పొడుగునా కుదుపులు. అంత దూరం పోయినా గడ్డ విడిపోకూడదు, తడి ఆరకూడదు. దానికి జిగురున్న మట్టే కావాలి. అమ్మేవాళ్ల అవసరం దృష్ట్యా ఇందులో తప్పులేదు, ఆ మట్టే లేకపోతే మొక్క మన ఊరిదాకా రాదు. చిక్కు మన కుండీ దగ్గర మొదలవుతుంది. మనం నింపేది కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, కాస్త ఇసుక కలిపిన తేలిక మిశ్రమం. అందులో నడిమధ్యన గట్టి బంకమట్టి ముద్దను, నర్సరీ ఆయన మాట తు.చ. తప్పకుండా పాటించి, చెక్కుచెదరకుండా కూర్చోబెడతాం.

ఒకే కుండీలో రెండు రకాల నేలలు పక్కపక్కన ఉంటే నీరు వాటి మధ్య సులువుగా నడవదు. ఎండిన బంకగడ్డ నీటిని మెల్లగా పీలుస్తుంది, చుట్టూ ఉన్న గుల్ల మిశ్రమం గబగబా వదిలేస్తుంది. పోసిన చెంబెడు నీళ్లు గడ్డ చుట్టూ జారి అడుగు కన్నంలోంచి బయటికి వచ్చేస్తాయి. కుండీ కింద నీళ్లు చూసి మొక్క తాగిందనుకుంటాం. గడ్డ లోపల మాత్రం పొడి. అదే వానాకాలంలో ఇది తిరగబడుతుంది: సన్న రంధ్రాల బంకమట్టి తాగిన నీటిని గట్టిగా పట్టుకుంటుంది, పక్కనున్న గుల్ల మిశ్రమం దాన్ని లాగలేదు, గడ్డ లోపల గాలి ఆడక వేర్లు కుళ్లుతాయి. వేసవిలో దాహంతో, శ్రావణంలో ఊపిరాడక చచ్చే మొక్క ఒకటే, కుండీ ఒకటే. పై మట్టిని వేలితో తడిమి తడి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. వేలు తాకేది మనం నింపిన మిశ్రమాన్ని, మొక్క ఉన్నది గడ్డలో.

కవరు రెండో లోపం గోడ. నున్నటి పాలిథిన్ గోడను తాకిన వేరు ఆగదు, దాని వెంట తిరుగుతుంది. ఏడాది రెండేళ్లు అమ్ముడుపోని నిమ్మ, జామ, మామిడి అంటు మొక్కల్లో వేరు అడుగున చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. చుట్టుకున్న వేరు ముదిరాక పెద్ద కుండీలో పెట్టినంత మాత్రాన తిన్నగా కాదు. అలాగే లావెక్కుతుంది, కొన్నేళ్లకు మొదలునే నొక్కేస్తుంది, గాలికి చెట్టు మొదలంటా ఊగుతుంది. జామాయిల్ క్లోన్లు పెంచే నర్సరీలు లోపల నిలువు గాడులు, అడుగు తెరిచిన రూట్ ట్రైనర్లను ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే. గాడి వేరును కిందికి నడిపిస్తుంది, అడుగున గాలి కొనను ఆపుతుంది. పండ్ల మొక్కల నర్సరీలు మాత్రం ఎక్కువ భాగం ఇప్పటికీ కవరు దగ్గరే ఉన్నాయి. కవరు చవక, ట్రైనర్ ఖరీదు. మధ్యలో నష్టపోయేది కొన్నవాడు.

అంటే "గడ్డ పగలనివ్వొద్దు" అన్న మాట ట్రే నారుకు అచ్చంగా సరిపోతుంది, కవరు మొక్కకు సగమే సరిపోతుంది. విచిత్రమేమంటే ఆ మాట ఎక్కువగా వినిపించేది కవరు మొక్క అమ్మే చోటే.

చేతి పని విషయానికి వస్తే, ట్రే నారును మార్చే గంట ముందు తడపాలి. మరీ చిత్తడిగా కాదు, పదునుగా. గుంత అడుగు కన్నంలోంచి వేలితోనో పుల్లతోనో పైకి తోస్తే గడ్డ చెక్కుచెదరకుండా వస్తుంది. పట్టుకోవాల్సింది గడ్డను, తప్పకపోతే ఆకును. కాండాన్ని నొక్కి లాగడం మానాలి. ఆకు పోతే మళ్లీ వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. గడ్డను మిశ్రమంలో పెట్టి చుట్టూ తేలిగ్గా అదిమి నీళ్లు పోస్తే చాలు. కొబ్బరి పొట్టు నుంచి కొబ్బరి పొట్టులోకి పోతోంది కాబట్టి వేరుకు కొత్త చోటని పెద్దగా తెలియదు. టమాటాకు ఇంకో వెసులుబాటు ఉంది. కాండం మీద నుంచీ వేర్లు తొడుగుతుంది కాబట్టి అడుగు ఆకులు తుంచి, మిగిలిన ఆకుల దాకా పూడ్చినా మేలే చేస్తుంది. ఆ మర్యాద మిరపకు, అంటు మొక్కకు వర్తించదు. అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి.

కవరు మొక్కను లాగకూడదు. బ్లేడుతో కవరును రెండు పక్కలా కోసి, అడుగు నుంచి చేయి పెట్టి ఎత్తాలి. కవరుతో సహా పూడ్చి "వేరే చించుకుని వస్తుందిలే" అనేవాళ్లున్నారు, రాదు. కొన్ని మొక్కలకు కవరు లోపల వలలాంటి గుడ్డ సంచి కూడా చుట్టి ఉంటుంది, అదీ తీసేయాలి. తరవాత గడ్డను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచాలి. ఇది లోపలి పొడిని తీర్చడానికే కాదు, మట్టిని మెత్తబరచడానికి కూడా. అప్పుడు గడ్డ పైపొరను, వేలి మందాన, వేళ్లతో రాలగొట్టాలి. చుట్ట చుట్టిన వేర్లు కనిపిస్తే పదునైన కత్తితో గడ్డ పక్కల్లో మూడు నాలుగు నిలువు గాట్లు పెట్టాలి, అడుగున చుట్టను కోసేయాలి. వేరు మీద కత్తి పెట్టడానికి మనవాళ్లకు చేయి రాదు. నిమ్మ, జామ, గులాబీ, మల్లె దీన్ని తట్టుకుంటాయి. తెగిన చోటి వెనక నుంచి వచ్చే కొత్త వేర్లే కుండీ అంచుల దాకా పోతాయి. కుండీ మిశ్రమంలో మూడో వంతు తోట మట్టి కలిపితే గడ్డకూ మిశ్రమానికీ మధ్య ఉన్న తేడా తగ్గి నీరు నడుస్తుంది. మొదటి కొన్ని వారాలు నీళ్లు కుండీ అంచున కాదు, మొదలు దగ్గర గడ్డ మీదే పోయాలి.

వేర్లు విప్పమనే మిద్దెతోట మాట ఇక్కడ నెగ్గుతుంది. కానీ ఆ పక్షం వాళ్లు దాన్ని అన్నిటికీ చెప్పేస్తారు, అదే వాళ్ల తప్పు. బొప్పాయి వేరు కదిలిస్తే ఓర్చుకోదు. బీర, సొర, కాకర, దోస కూడా అంతే. వాటిని ట్రేలోనో కాగితపు కప్పులోనో మొలిపించి రెండు మూడు ఆకుల మీదే గడ్డ కదలకుండా మార్చాలి, లేదా నేరుగా పెద్ద కుండీలోనే గింజ పెట్టుకోవాలి. కాగితాల పువ్వు ఎండను, పొడిని లెక్కచేయని మొండిది, దాని గడ్డను మాత్రం ముట్టుకోకూడదు. ముల్లంగి, క్యారెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, వాటిని మార్చడమే దండగ.

ఇంకో పెద్ద వివాదం కుండీ కొలత. మెట్టు మెట్టుగా, అంటే చిన్న కప్పు నుంచి నాలుగంగుళాల కుండీకి, అక్కడి నుంచి ఎనిమిదికి, తరవాత పన్నెండుకు మార్చాలనేవాళ్లు ఒక పక్క. ఆ కష్టమంతా ఎందుకు, మొదటే పెద్ద గ్రో బ్యాగులో పెట్టెయ్ అనేవాళ్లు ఇంకో పక్క. రెండో పక్షానికి బలమైన సాక్ష్యం ఉంది. హెండ్రిక్ పూర్టర్ బృందం 2012లో 65 అధ్యయనాలను కలిపి చూసి, కుండీ పరిమాణం రెట్టింపైతే మొక్క బరువు సగటున 43 శాతం పెరుగుతుందని తేల్చింది. చిన్న కుండీలో మొక్క తిండి కోసం మాత్రమే ఇబ్బంది పడదు, దాని ఆకులు చేసే పనే మందగిస్తుంది. అంటే ప్రతి మెట్టు దగ్గరా ఆలస్యం చేసిన కొద్దీ ఎదుగుదల పోగొట్టుకుంటున్నట్టే. మెట్ల పద్ధతిని నెత్తిన పెట్టుకునేవాళ్లు చాలామంది మొక్క ఇరుకైపోయాకే కుండీ మారుస్తారు కూడా.

మెట్ల పక్షానికీ ఒక న్యాయం ఉంది, అది నీటిది. నీళ్లు పోసి కారిపోయాక కూడా ప్రతి కుండీ అడుగున ఒక తడి పొర నిలిచి ఉంటుంది. దాని ఎత్తు మిశ్రమం ఎంత సన్నగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు. అడుగున గులకరాళ్లు, పెంకులు పరిస్తే నీరు పోతుందన్న నమ్మకం ఈ పొర దగ్గర వీగిపోతుంది. రాళ్ల మీదే ఆ తడి పొర నిలిచి, ఇంకా వేరు దగ్గరికి ఎక్కుతుంది. కన్నం మీద మట్టి జారకుండా ఒక పెంకు చాలు. పెద్ద కుండీలో చిన్న నారు పెడితే ఆ నీటిని తాగే వేరు ఉండదు, మట్టి రోజుల తరబడి తడిగా ఉంటుంది, ఆ తడిలో కుళ్లు మొదలవుతుంది. కాబట్టి మెట్టు వేయాలా వద్దా అన్నది కాలాన్నీ మిశ్రమాన్నీ బట్టి ఉంటుంది. మాఘం తరవాత ఎండ ముదురుతున్నప్పుడు గుల్లగా ఉన్న మిశ్రమంలో టమాటా, వంగ ట్రే నారు నేరుగా పెద్ద బ్యాగులోకి పోవచ్చు, మొదలు దగ్గరే కొద్దికొద్దిగా నీళ్లు పోస్తే. ముసురు పట్టిన ఆషాఢ శ్రావణాల్లో మిరప నారుకు నడుమ ఒక నాలుగంగుళాల కప్పు మేలు.

మెట్ల పద్ధతికి ఉదాహరణగా ఆయిల్ పామ్ నర్సరీని చూపేవాళ్లున్నారు. పెదవేగి చుట్టుపక్కలా, అశ్వారావుపేట వైపూ కొందరు మొలకను మొదట చిన్న సంచిలో మూడు నెలలు పెంచి, తరవాత పెద్ద సంచికి మారుస్తారు. అది వేరు బాగు కోసమని చెబితే పూర్తి నిజం కాదు. నీడ, నీరు, స్థలం కలిసొస్తాయి. పనికిరాని మొక్కను పెద్ద సంచి ఖర్చు పెట్టకముందే ఏరి పారేయొచ్చు. మొదటే పెద్ద సంచిలో పెట్టే ఒక్క దశ పద్ధతి కూడా అదే పంటలో ఉంది. వేలాది మొలకలను ఏరే నర్సరీ లెక్కను పది కుండీల డాబా మీదికి తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

మార్చాక చేసే పని రెండు రకాలకూ ఒకటే, చిన్నదే. మార్చడానికి వారం ముందు నుంచి నారుకు నీళ్లు కాస్త తగ్గించి ఎండకు అలవాటు చేయాలి. మార్చడం సాయంత్రం పూట. తరవాత నాలుగైదు రోజులు మధ్యాహ్నపు ఎండ తగలని చోటు. మిట్ట మధ్యాహ్నం ఆకు వాలి, సాయంత్రానికి తేరుకుంటే అది నీళ్ల కొరత కాదు, వేరు నూగు కొరత. నీడ ఇవ్వాలి గానీ బిందె వంచకూడదు. కొత్త చిగురు కనిపించేదాకా యూరియా, డీఏపీ జోలికి పోకూడదు. మట్టిలో ఉప్పు గాఢత పెరిగితే ఉన్న కాస్త వేరూ నీరు లాగలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే పాత్రగా ట్రేదే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. ట్రే నారు కొన్నవాళ్లు గడువూ ట్రే అడుగూ చూసుకుంటే చాలు, గడ్డను ముట్టకుండా పెడితే పని అయిపోతుంది. కవరు మొక్క కొన్నవాళ్లకు పని ఎక్కువ, ఆ పని చెప్పాల్సినవాళ్లు చెప్పరు. అందుకని నర్సరీకి వెళ్లినప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఒకే ధరకు రెండు మొక్కలు చూపిస్తే గుబురుగా, ఎత్తుగా ఉన్నదాన్ని వదిలి, పొట్టిగా ఉన్న ఈ ఏటి మొక్కను అడగండి. కవరు అడుగు కన్నాల్లోంచి ముదురు వేర్లు బయటికి వచ్చిన మొక్క ఎంత పచ్చగా ఉన్నా కొనకండి.